ఏడో వరస తీగలు

మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే కొత్త పడుగు పోగుల్ని దానికి ఒక్కొక్కటిగా మెలివేసి కలపాలి. ధర్మవరంలో దాన్ని అచ్చు అతకడం అంటాం. నాలుగు వేల పైచిలుకు పోగులు. చీర కట్టుకునే మనిషికి నేసినవాడి పేరే తెలియదు. అచ్చు అతికేవాళ్లు ఉంటారన్న సంగతి అసలే తెలియదు. ఆ పని నేను ముప్పై నాలుగేళ్లు చేశాను.

పట్టు జారుతుంది. అందుకని పక్కన కొబ్బరి చిప్పలో జల్లించిన పిడకల బూడిద పెట్టుకుంటాం. పోగులు పట్టుకునే ముందు రెండు వేళ్లు దాంట్లో అద్దుతాం. మెలి పడ్డాక నోటితో ఊదితే బూడిద ఎగిరిపోతుంది. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చూస్తూ ఉంటే వేళ్లకు వచ్చేస్తుంది.

మాది కనగానపల్లి. ఏడో తరగతి దాకా ఊరి బడి. వరసగా మూడేళ్లు వేరుశనగ ఎండిపోతే ధర్మవరం వచ్చాను. పని నేర్పింది నా భార్య నీలావతి. ఆమె వేళ్ల కింద పోగు తెగడం నేను చూడలేదు. ఆమె తమ్ముడు గంగాధర్‌దీ ఇదే పని. ఒకసారి పెళ్లిచీరల పడుగులో వాడు రెండు కట్టలు తారుమారు చేసి అతికాడు. షావుకారు నిలదీస్తే, అది అక్క చేతిపని అన్నాడు. అక్క నోరు మెదపలేదు. తమ్ముడు కదా. ఏడాది పాటు ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. పిలిచాక కూడా ఆమె అతికిన పడుగును ఇంకొకరి చేత తడిమించేవాళ్లు. ఇంక ఇంటికి రాదని తెలిసిన రోజు, ఆసుపత్రి మంచం మీద, నాకు చెప్పింది. ఆమె పోయి ఐదేళ్లయింది. గంగాధర్ మా వీధిలోనే ఉంటాడు. ఒకసారి ఇద్దరు పెద్దమనుషుల్ని పంపాడు, జరిగింది మరిచిపొమ్మని. మనుషుల్ని పంపినవాడు తాను రాలేడా అని అడిగి వాళ్లను వెనక్కి పంపాను.

మా అమ్మాయి భారతి డిప్లొమా చదివింది. పరీక్ష రాసి బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చేరింది. పరికరాలు కూర్చే విభాగం. ఒక ఆదివారం ఇంటికి వచ్చి ఒక చిన్న డబ్బా తెరిచి, దీన్ని పట్టుకో నాయనా అంది. డబ్బాలో నాకేమీ కనపడలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోతే ఏదో తళుక్కుమంది. తీగ. బంగారు పూత పూసిన టంగ్‌స్టన్ తీగ. తల వెంట్రుకలో మూడో వంతు లావు. తమ సంస్థలో దాన్ని కట్టేవాళ్ల చేతుల్లో రోజుకు పది తెగుతున్నాయని చెప్పింది. నేను ఆ తీగను సూదికన్నులోంచి మూడుసార్లు దూర్చి తీసి ఇచ్చాను. భారతి డబ్బా మూసి, అది ఎందుకో చెప్పడం మొదలుపెట్టింది.

ఆకాశం నుంచి కణాలు ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయట. చాచిన అరచేతిలోంచి సెకనుకు ఒకటైనా దూసుకుపోతుందట. మన దాకా వచ్చేవి గాలిని ఢీకొట్టగా పుట్టిన తునకలు. అసలువి కావాలంటే గాలి పల్చబడేంత ఎత్తుకు పోవాలి. ఆ అసలువాటిలో లక్షకు ఒకటి మాత్రం తిరగబడ్డది. బరువు అదే, విద్యుత్తు మాత్రం ఎదురు. దాన్ని యాంటీమేటర్ అంటారు. మామూలు పదార్థానికి తగిలితే రెండూ మిగలవు, వెలుగైపోతాయి. దానికోసమే అంతరిక్ష కేంద్రానికి కట్టిన యంత్రం ఒకటి పదేళ్లకు పైగా చూస్తోందట. భారతి వాళ్లు అట్లాంటి యంత్రాన్నే బెలూన్‌కు కట్టి దక్షిణ ధ్రువం మీద ఎగరేయబోతున్నారు. నెమ్మదిగా వచ్చే కణాలను భూమి అయస్కాంతం మిగతా చోట్ల దారి మళ్లించేస్తుంది. ధ్రువం దగ్గర అవి దిగుతాయి.

పట్టుకోవడం ఎట్లా అని అడిగాను. యంత్రం నడుమ అయస్కాంతం, దాని లోపల పన్నెండు వరసల తీగలు, వరసకు తొంభై ఆరు. కణం పోతూ పోతూ ఏ తీగ పక్కనుంచి పోయిందో ఆ తీగ చెబుతుంది. చుక్కలు కలిపితే దారి. మామూలు కణం ఒక పక్కకు వంగుతుంది. తిరగబడ్డది రెండో పక్కకు. తీగ ఉండాల్సిన చోటు నుంచి అర వెంట్రుక జరిగినా, మామూలుదే తిరగబడ్డట్టు కనపడవచ్చు.

"కిందినుంచి పైకి పోయేది వస్తే? దాని వంపు కూడా ఎదురుగానే కనపడతాది కదా?" అన్నాను.

భారతి చేతిలోని డబ్బా పక్కన పెట్టింది. "నాయనా, మా మేడం ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న ఇది."

పైన ఒక పలక, కింద ఒక పలక ఉంటాయట. ముందు ఏది తగిలిందో సెకనులో వందకోట్ల వంతు లెక్కలో చెబుతాయట. సరే అన్నాను. నా ప్రశ్న సరైనదని ఆ రోజంతా నాకు గుర్తుండింది.

తీగలు కట్టే పని విదేశంలో ఒక కంపెనీకి ఇద్దామని, ఆ యంత్రం పనంతా చూసే శాస్త్రవేత్త, భారతి వాళ్ల మేడం, అనుకుంది. భారతి అడ్డం పడింది. మా ఊర్లో వెంట్రుకలాంటి పోగులతో పనిచేసే చేతులున్నాయి, మూడు నెలలు ఇవ్వండి అంది. మేడం ఇచ్చింది, ఒక షరతు మీద. ఒక్క వరస పాడైనా మొత్తం పని కంపెనీకి పోతుంది, ఇంకెప్పుడూ ఇటువైపు చూడరు. భారతి మాట మీద వచ్చిన పని అది. మా అందరి చేతులకూ హామీ ఒక్క భారతే.

బెంగళూరు సంస్థలో చోటు లేక హిందూపురంలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, లోపల గాజుగది కట్టారు. దుమ్ము లేకుండా వడగట్టిన గాలి. చేతులు కడిగి, కోటు, టోపీ, ముసుగు, గ్లవ్స్ వేసుకుని, జిగురు చాప మీద అడుగులు వేసి లోపలికి పోవాలి. మేము ఏడుగురం, అందరం అచ్చు అతికేవాళ్లమే. ఆరుగురం ధర్మవరం నుంచి పొద్దున రైలెక్కేవాళ్లం. ఏడో మనిషి కొండమ్మ పెనుకొండలో ఎక్కేది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లు. నుదుటి నిండా విభూది పట్టీ వేసుకుంటుంది. నోరు పెద్దది. రైల్లో చోటు ఇవ్వని మగవాళ్లను ఏమబ్బా కాళ్లు అరువు తెచ్చుకున్నావా అని లేపేసేది. షెడ్డు ఇంజనీరు రవికుమార్ హిందూపురం వాడే. సగం కన్నడం, సగం తెలుగు. మంచివాడు, కాని మనిషి కంటే సూక్ష్మదర్శినిని ఎక్కువ నమ్ముతాడు.

ఒక్కో తీగకు ఇద్దరు. చట్రానికి ఇటు నేను, అటు కొండమ్మ. నేను తీగను సన్నని బెజ్జంలోంచి పంపితే ఆమె అందుకుని యాభై గ్రాముల బరువు వేలాడదీస్తుంది. తీగ ఊగడం ఆగాక ఇద్దరం ఒకేసారి రెండు కొనలూ రాగి గొట్టంలో బిగిస్తాం. రోజుకు ఇరవై. తర్వాత ముప్పై. తెగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రవికుమార్ కొలిచి చూసి, ఒక్కో వరస అయ్యేకొద్దీ గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నాడు.

ఏడో వరస నడిమిది. వంపు బాగా తెలిసేది అక్కడే. ఆ వరసలో నాకు రెండు తీగలు తెగాయి. గ్లవ్స్ వేళ్ల మధ్య జారి, పట్టబోతే తెగాయి. నీలావతి దగ్గర పని నేర్చినవాడి చేతిలో ఒకే పూట రెండు తెగడం నాకు సహించలేదు. మరునాడు కాగితం మడతలో చిటికెడు బూడిద కట్టి, కోటు కింద, బనియన్‌లో పెట్టుకుని పోయాను. మధ్యాహ్నం వంగి, ఎవరూ చూడకుండా రెండు వేళ్లు దాంట్లో అద్దాను. తీగ చెప్పినట్టు వింది. ముసుగు కిందికి లాగి ఊదాను. తొమ్మిది తీగలు అట్లా కట్టాను. ఒక్కటీ తెగలేదు. ఆ రోజు సంతోషంగా ఇంటికి పోయాను.

దాచి తీసుకుపోయాను. అంటే తప్పని నాకు తెలుసు. ఎంత తప్పో తెలియదు. ఈ రెండో మాట నేను ఎవరి ముందరా చెప్పలేదు. చెబితే అది సాకు అవుతుంది.

పన్నెండు వరసలూ అయ్యాక, చట్రాన్ని ఓడకెక్కించడానికి పది రోజులుందనగా, గ్యాసు నింపి తీగలకు కరెంటు ఎక్కించి చూశారు. పదకొండు వరసలు నిలబడ్డాయి. ఏడోది నిలవలేదు. వోల్టేజీ పెంచేకొద్దీ మీటరు ముల్లు ఎగిరింది. లోపల ఎక్కడో నిప్పురవ్వలు పడుతున్నాయి. తీగ మీద దుమ్ము రేణువు ఉంటే కరెంటు అక్కడినుంచి దూకుతుందట. రవికుమార్ చట్రం తెరిచి సూక్ష్మదర్శిని పెట్టి చూశాడు. బూడిదరంగు రేణువులు.

పనిపుస్తకం తీశాడు. ఏడో వరస ఎదురుగా రెండు పేర్లున్నాయి. లింగప్ప, కొండమ్మ. మమ్మల్ని అందరినీ పిలిచాడు. కొండమ్మ నుదుటి వంక చూశాడు. కోపంగా కూడా మాట్లాడలేదు. అదే ఇంకా పాడుగా ఉండింది.

"ఏమమ్మా, ఆ విభూది రాలుంటాది. నీకు మొదటి రోజే చెప్పుండాల్సింది. రేపట్నుంచి రావద్దులే."

అంత నోరున్న కొండమ్మ, అందరి ముందర, కొంగు తీసి నుదురు తుడుచుకుంది. తుడిచిన చోట చర్మం ఎర్రబడింది. చెప్పులేసుకుని స్టేషన్‌కు పోయింది.

భారతి అప్పుడు అక్కడే ఉంది. నన్ను పక్కకు పిలిచి, నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా, రాలడం చూసినావా అని అడిగింది.

"చూల్లేదు" అన్నాను.

అది అబద్ధం కాదు. నీలావతి మీదికి తోసిన రోజు గంగాధర్ అన్నది కూడా ఇంతే చిన్న మాట. సాయంత్రం రైల్లో నా ఎదురు సీటు ఖాళీగా ఉంది. పెనుకొండ దాకా ఆ ఖాళీ సీటునే చూశాను. నేను నోరు విప్పితే భారతి మాట పోతుంది. మేడం కంపెనీకి ఫోన్ చేస్తుంది. మిగతా ఐదుగురి పనీ పోతుంది. విప్పకపోతే ఒక్క కొండమ్మది పోతుంది. ఇంటికి చేరేలోపల ఈ లెక్క నాలుగుసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ నాకు అనుకూలంగానే తేలింది. అందుకే అది తప్పుడు లెక్కని తెలిసింది.

మరునాడు రైలు పెనుకొండలో ఆగితే దిగిపోయాను. మిగతావాళ్లు కిటికీలోంచి ఏమన్నా ఏమన్నా అని పిలుస్తున్నారు. కొండమ్మ ఇల్లు కోట దారిలో. వసారాలో చాట పెట్టుకుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏమన్నా, ఈడికొచ్చినావు. రైలు తప్పిందా?"

నిలబడే చెప్పాను. బూడిద నేను తెచ్చానని. తొమ్మిది తీగలని. నిన్న నోరు మూసుకున్నానని. ఆమె చేతిలోని కాయ ఒలిచి, పప్పు చాటలో వేసి, పొట్టు అవతల పారేసింది. ఇంకో కాయ తీసుకుంది. అట్లా ఐదారు కాయలయ్యాయి.

"నిన్ననే సెప్పింటే నేను నుదురు తుడుచుకోకపోదును కదన్నా" అంది.

నీలావతక్క బతికుంటే నీకు ఈ పొద్దు అన్నం పెట్టేది కాదని, అందరికంటే ఎక్కువ నీతులు సెప్పేది నువ్వేనని, నీ మొగానికి బూడిద కాదు పేడ పూయాలని తిట్టింది. పక్కింటివాళ్లు వాకిట్లోకి వచ్చి చూశారు. నేను నిలబడే ఉన్నాను. ఆమె తిట్టడం అయిపోయాక లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. చీర మార్చుకుని బయటికి వచ్చింది. నుదుటి మీద విభూది రోజూ కంటే మందంగా, మూడు పట్టీలు.

"పద. నీ నోటితో నువ్వే సెప్పాల. నేను పక్కనే నిలబడతా."

బస్సులో హిందూపురం పోయాం. దారంతా ఆమె నాతో మాట్లాడలేదు. కండక్టర్‌తో మాత్రం చిల్లర దగ్గర పోట్లాడింది.

షెడ్డులో అందరూ ఉన్నారు. రవికుమార్, భారతి, ఐదుగురు అతికేవాళ్లు. కొండమ్మ నుదురు చూసి రవికుమార్ ఏదో అనబోయాడు. నేను ముందే చెప్పేశాను. బూడిద నాది, ఆమెది కాదు. ఎక్కడ దాచానో, ఎట్లా అద్దానో చెప్పాను. రవికుమార్‌కు మొదట అర్థం కాలేదు. బూడిద ఎందుకని రెండుసార్లు అడిగాడు. మా ఐదుగురిలో ఒకరు మగ్గాల దగ్గర ఎట్లా చేస్తామో వివరించారు. అతను తల పట్టుకున్నాడు. ఎన్ని తీగలని అడిగాడు.

తొమ్మిది అన్నాను. అక్కడితో ఆగవచ్చు. తొమ్మిది తీగలు మార్చడం ఒక రోజు పని. ఎవరి కొంపా మునగదు.

"తొమ్మిది సార్. కాని ఊదినాను."

రవికుమార్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఊదితే రేణువులు ఎక్కడెక్కడ వాలాయో ఎవరూ చెప్పలేరు. ఏడో వరస తొంభై ఆరు తీగలూ తీసేయాలి. చట్రం మొత్తం కడగాలి. మళ్లీ తొంభై ఆరూ కట్టాలి. చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు.

భారతి నా వైపు చూడలేదు. ఫోన్ తీసి బెంగళూరుకు చేసింది. ఒక్క మాట దాచకుండా మేడంకు చెప్పింది, మా నాయనే చేసినాడు అని కూడా. అవతలినుంచి ఏం వినపడిందో తెలియదు. చాలాసేపు వింది. తర్వాత ఫోన్ చెవి నుంచి తీసి, అప్పుడు నన్ను చూసింది.

"మిగతా వరసల్లో యాడైనా వాడినావా అని అడుగుతాండారు."

"లేదు."

ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుంది. "లేదు మేడం. లేదంటే లేదు."

నా బతుకులో నాకు దక్కిన మెప్పు ఏదైనా ఉంటే అది ఆ మాట. దాన్ని నేను ఆ రోజు సంపాదించుకోలేదు. అంతకుముందు ఎప్పుడో సంపాదించుకున్నది, ఆ రోజు సగం ఖర్చయిపోయింది.

దాచకుండా చెప్పారు కాబట్టి షరతును చివరి పరీక్ష దాకా ఆపి, మేడం తొమ్మిది రోజులు ఇచ్చింది. ఒక్క రోజు కూడా ఎక్కువ ఇవ్వలేదు. రవికుమార్ కొండమ్మ ముందర నిలబడి, తప్పయింది అమ్మా అన్నాడు. ఆమె, నాతో కాదు, నా నుదుటికి సెప్పు అంది. ఎవరికీ నవ్వు రాలేదు. ఆమెకే వచ్చింది. తర్వాత లోపలికి పోయేటప్పుడు తానే టోపీని కనుబొమ్మల దాకా దించుకుని, అంచు మీద టేపు వేయించుకుంది.

రవికుమార్ పనిపుస్తకంలో ఏమి రాయాలా అని ఆలోచించాడు. కారణం గుర్తించి తొలగించడమైనది అని రాసి వదిలేద్దాం అన్నాడు. నేను పుస్తకం అడిగి తీసుకున్నాను. ఏడో వరస, ఇరవై రెండో తీగ నుంచి ముప్పయ్యో తీగ దాకా. నేను వేళ్లకు బూడిద రాసుకుని కట్టాను. నోటితో ఊదాను. అడిగినప్పుడు చెప్పలేదు. ఒక రోజు ఆలస్యంగా చెప్పాను. లింగప్ప. తెలుగులో రాశాను. నాకు వచ్చింది అదే. కోటు విప్పి మడిచి కొక్కేనికి తగిలించాను. నువ్వు ఉంటే తొందరగా అవుతుందని రవికుమార్ అన్నాడు. నేను ఇంక తీగ ముట్టనని చెప్పాను.

నా చోటులో కొండమ్మ కూర్చుంది. ఆమె చోటులో ఇంకొకరు. నేను బయట ఉండిపోయాను. షెడ్డు ముందు మట్టిరోడ్డు. లారీలు పోతే దుమ్ము ఎర్రగా లేస్తుంది. గది ఎంత వడగట్టినా తలుపు తెరిచినప్పుడల్లా ఇంత లోపలికి పోతుంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా బిందెలతో నీళ్లు తెచ్చి ఆ రోడ్డు తడిపాను. లారీవాళ్లు ఏమప్పా, రోడ్డుకు నారు పోస్తాండావా అని ఎగతాళి చేశారు. వినేసి తడిపాను. గాజు అవతల కొండమ్మ చేతులు కనపడేవి. తీగ పంపేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. నీలావతికీ ఆ అలవాటు ఉండేది. నాకు ఎప్పుడూ రాలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి తొంభై ఆరో తీగ బిగించారు. ఆ ఎనిమిది రోజుల్లో తెగినవి మూడు. గ్యాసు నింపారు. రవికుమార్ వోల్టేజీ పెంచుతూ అంకెలు పైకి చదివాడు. వెయ్యి. వెయ్యిన్నర. రెండువేలు. ముల్లు కదల్లేదు. అంతకుముందు ఎగిరిన చోటు దాటింది. కదల్లేదు. చేరాల్సిన చోట చేరింది. అక్కడ రెండు గంటలు వదిలేశారు. కదల్లేదు.

భారతి బయటికి వచ్చింది. ఎనిమిది రోజులుగా నాతో మాట్లాడని పిల్ల. బిందె నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టింది. "చాల్లే నాయనా, బురదైతాండాది" అంది.

డిసెంబరులో బెలూన్ లేచింది. దక్షిణ ధ్రువం చుట్టూ గాలి గుండ్రంగా తిరిగే కాలం అది. ముప్పై ఏడు కిలోమీటర్ల ఎత్తు. పైకి పోయాక ఆ బెలూన్ ఒక ఆటస్థలమంత అవుతుందట. అది ఎక్కడుందో భారతి మా ఫోన్లకు రోజూ పటం పంపేది. మంచు మీద ఒక ఎర్రగీత. ధర్మవరంలో టీ అంగడి దగ్గర ఫోన్ చేతులు మారేది. ఈ పొద్దు ఎంత దూరం పోయిందప్పా అని అడిగేవాళ్లు. ఇరవై నాలుగు రోజుల్లో ఒక చుట్టు పూర్తయి, రెండో చుట్టులో సగం దాకా పోయింది. పన్నెండు వరసలూ పనిచేస్తున్నాయని రోజూ చివర ఒక మాట ఉండేది. నేను ఆ మాట ముందు చదివి, పటం తర్వాత చూసేవాణ్ణి.

లెక్క తేలడానికి ఏడాది పట్టింది. మేడం స్వయంగా ధర్మవరం వచ్చింది. చేనేత సంఘం హాలులో తెల్లగుడ్డ కట్టి చూపించింది. అయస్కాంతం నడుమ పన్నెండు చుక్కలు. కుడికి వంగినవి కోట్లు. తర్వాత ఎడమకు వంగింది ఒకటి చూపించింది. పై పలక ముందు తగిలింది, కింది పలక తర్వాత. కాబట్టి కిందినుంచి వచ్చింది కాదు. అది యాంటీప్రోటాన్, అంటే తిరగబడ్డ ప్రోటాన్. అట్లాంటివి మూడు వందల డెబ్బై ఒకటి దొరికాయి. ఎడమకు వంగిన ఆ గీతను నేను చాలాసేపు చూశాను. ఏడో చుక్క ఉండాల్సిన చోటే ఉంది.

తర్వాత మేడం అసలు దేనికోసం పోయారో చెప్పింది. తిరగబడ్డ హీలియం. అది ఒక్కటి దొరికినా, ఎక్కడో యాంటీమేటర్ ముద్దలు ముద్దలుగా మిగిలి ఉందేమోనని అనుమానించాలి. ఇంతవరకు ఖాయంగా ఎవరికీ దొరకలేదు. వీళ్లకెన్ని దొరికాయని ఎవరో అడిగారు. సున్న అంది.

వెనక వరసలో గొణుగుడు. ఇంత చేసి సున్నానా అని ఒకాయన పైకే అన్నాడు. మేడం కోపం చేసుకోలేదు. కోటికి పైగా హీలియం కణాలు ఆ తీగల్లోంచి పోయాయంది. నడిమి వరస అర వెంట్రుక పక్కకు ఉండుంటే, వాటిలో నాలుగైదు దొంగవి తిరగబడ్డట్టు కనపడి ఉండేవి. ప్రపంచమంతా చాటింపు వేసి, తర్వాత తలదించుకోవాల్సి వచ్చేది. ఒక్క అనుమానపు గీత కూడా రాలేదు. ఈ సున్నను ఎవరూ వేలెత్తి చూపలేరు అంది.

"అంటే, ఉన్నది ఉన్నట్టు, లేంది లేనట్టు సెప్పిందన్న మాట" అంది కొండమ్మ.

మేడం తన పక్కనున్న భారతితో, ఇది ఇంగ్లీషులో రాసుకో అంది.

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. గొప్పలు చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా రాస్తున్నాను. ఆ సున్న మా ధర్మవరం చేతులు కట్టింది. పెనుకొండ మనిషి చెయ్యి అందులో అందరికంటే ఎక్కువ. మా ఊరి చీరలు ఎవరెవరి పెళ్లిళ్లలోనో మెరిసి ఉంటాయి. వాటికంటే ఈ సున్న నాకు గొప్పగా ఉంది.

ఇప్పుడు రెండోది మొదలైంది. ఈసారి బెలూన్ కాదు, ఉపగ్రహం. మూడు వేల తీగలు. కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. గాజుగది ధర్మవరంలోనే కట్టారు. కొత్తగా ఇరవైమందిని తీసుకున్నారు. నేర్పేది కొండమ్మ. మొదటి రోజు ఆమె తలుపు దగ్గర ఆగి, నువ్వు కూడా రాన్నా, జరిగిందేదో జరిగింది అంది. నేను పోలేదు. ఇంకొకడు చేసుంటే వాణ్ణి నేను రానిచ్చేవాణ్ణి కాదు. నాకొక న్యాయం, వాడికొక న్యాయం ఉండదు.

తలుపు బయట కుర్చీ నాది. లోపలికి పోయే ప్రతి మనిషి చేతులూ, జేబులూ, బనియనూ నేను చూస్తాను. తీగ ముట్టకముందు ప్రతి ఒక్కరూ మొదటి పనిపుస్తకంలోని ఒక పుట చదవాలని మేడం నియమం పెట్టింది. నా పుట. తెలుగులో ఉంది కాబట్టి అందరికీ చదవడం వస్తుంది.

పోయిన వారం ముదిగుబ్బ నుంచి మహేష్ అని ఒకడు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, పదిహేనేళ్లు మగ్గం మీద పనిచేసినవాడు. పుట చదివి, పగలబడి నవ్వాడు.

"ఎవరప్పా ఈ లింగప్ప? ఇప్పుడు యాడుండాడు?"

"నేనే. చేతులు సూపీ" అన్నాను.

నవ్వు ఆపి చూపించాడు. కుడి బొటనవేలు గోరు సరిగా కత్తిరించుకోలేదు. కత్తిరించుకుని రమ్మని వెనక్కి పంపాను.